బేస్ గిటారుకి ఇంట్లో ఎంత గొంతు కావాలి?

(బి.యస్సీ. ఫైనలియర్, యం.పి.సి.)

నేడు మన సమాజంలో శబ్దం ఒక హోదా అయి కూర్చుంది. పెళ్ళి ఊరేగింపులో ట్రాక్టరు మీద పేర్చిన స్పీకరు పెట్టెలు ఎంత ఎత్తున ఉంటే పెళ్ళివారు అంత గొప్పవాళ్ళు. వినాయకుణ్ణి సాగనంపే రోజున ఇళ్ళ కిటికీ రెక్కలు టపటపా కొట్టుకోకపోతే ఆ వీధి కుర్రాళ్ళకి తలవంపులు. ఈ రోగం ఊరేగింపులతో ఆగిపోతే నేనీ వ్యాసం రాయవలసిన అగత్యం లేదు. కాని ఇంట్లో ఓ మూల కూర్చుని సాధన చేసుకోవడానికి చిన్న బేస్ ఆంప్లిఫయర్ కొనాలన్నా మనవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" అనే! "ఎంత మెల్లగా, ఎంత శుభ్రంగా మోగుతుంది?" అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అడగవలసింది అదేనని నా వాదన.

బేస్ గిటారు సంగతి తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. నాలుగు లావుపాటి తీగలు, పొడుగాటి మెడ, మంద్రస్థాయి నాదం. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే వాయిద్యాన్ని అమ్మకానికి తెచ్చిన దగ్గర్నుంచీ ఇది ప్రపంచమంతా పాకింది. మనకి కొత్తేమీ కాదు. 'సాగర సంగమం' (1983), 'గీతాంజలి' (1989) పాటలు మరోసారి వినండి. గాయకుడి గొంతుని కాసేపు పక్కన పెట్టి, పాట అడుగున ఏం నడుస్తోందో దాని మీద చెవి పెట్టండి. ఇళయరాజా గారి పాటల్లో ఆ అడుగున నడిచేది ఒక్కోసారి ఇంకో పాటంత అందంగా ఉంటుంది. మా ఊరి చర్చిలో క్రిస్మస్ పాటలకి వాయించేదీ, మన కాలేజీ వార్షికోత్సవంలో నేను వాయించేదీ ఈ వాయిద్యమే.

దీనితో వచ్చిన చిక్కల్లా ఏమంటే, లోపల బోలుగా ఉండదు. నిండు చెక్క. కరెంటు లేకుండా మీటితే దోమ రొద పాటి కూడా వినబడదు. వినబడటం లేదు గదా అని వేలు గట్టిగా లాగుతాం. ఆర్నెల్లు అట్లా లాగితే ఆ మొరటు అలవాటు చేతికి అంటుకుపోతుంది, ఇక వదలదు. అంచేత ఆంప్లిఫయర్ అనేది వాయిద్యానికి తగిలించిన అలంకారం కాదు, వాయిద్యంలో సగం. ఆ సగాన్ని ఎట్లా ఎంచుకోవాలన్నదే ఇక్కడ ప్రశ్న.

మాది పల్నాడు వైపు ఒక పల్లె. నాన్న తెల్లారగట్ల నాలుగింటికే లేచి చేలోకి పోతాడు. నాయనమ్మకి నిద్ర పట్టేదే అంతంతమాత్రం. మా ఇంటికీ పక్కనున్న పెదనాన్న గారింటికీ మధ్య ఒకటే గోడ. రాత్రి అన్నాలయ్యాక తొమ్మిది నుంచి పది దాకా, ఆ గంటే నా సంగీతం. "వాయించుకో గాని మమ్మల్ని లేపమాకు" అన్నది నాన్న ఇచ్చిన పర్మిషను. అందులో అన్యాయం ఏముంది చెప్పండి? మన విద్యార్థుల్లో నూటికి తొంభైమందివి ఇట్లాంటి ఇళ్ళే. కొన్న వస్తువు మెల్లగా మోగలేకపోతే ఇంట్లోవాళ్ళు రెండు రోజులు ఓర్చుకుంటారు, మూడో రోజు గిటారు అటకెక్కుతుంది. నా ఎరికలో ముగ్గురివి ఎక్కాయి. వాళ్ళలో ఒకడి చెయ్యి నా చేతికంటే మంచిది.

ఇక వాట్ల సంగతి. ఒకప్పుడు టేపు రికార్డర్ల మీద "1000 వాట్స్ పి.ఎం.పి.ఓ." అని బంగారు రంగు అక్షరాలతో రాసి అమ్మేవాళ్ళు. మా నాన్న కొన్నదాని మీదా ఉంది. ఆ వెయ్యిలో నిలకడగా వచ్చేవి పదో పాతికో! నిలకడగా వచ్చేదాన్ని ఆర్.ఎం.ఎస్. వాట్లు అంటారు, చూడాల్సింది అదొక్కటే. పోనీ నిజమైన వాట్లే అనుకుందాం. ఫిజిక్సు పుస్తకంలో మనమంతా చదివి పరీక్ష రాసి మరిచిపోయిన లెక్క ఒకటుంది. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సు. మన చెవికి శబ్దం రెట్టింపయినట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెల్సు పెరగాలి, అనగా వాట్లు పది రెట్లు కావాలి. 25 వాట్ల పెట్టె పక్కన అదే తరహా స్పీకరుతో 200 వాట్ల పెట్టె పెడితే తేడా 9 డెసిబెల్సు. ఎనిమిది రెట్ల వాట్లకి చెవికి దక్కేది రెట్టింపు కూడా కాదన్నమాట! మామూలు స్పీకరు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 90 డెసిబెల్సు దాకా మోగుతుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45. బేస్‌కి గిటారుకంటే ఎక్కువ శక్తి కావాలన్నది నిజమే, తీగ మీటిన మొదటి దెబ్బని తట్టుకోవడానికి కొంత మిగులుండాలన్నదీ నిజమే. ఆ మిగులంతా కలుపుకున్నా ఇంటికి పాతిక ముప్ఫై వాట్లు బ్రహ్మాండం.

రైతు బిడ్డలకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండించుల నీళ్ళిచ్చే బోరులో పది హెచ్.పి. మోటారు దించితే నీళ్ళు పెరగవు, బోరు గుక్క తిప్పుకోలేక మోటారు కాలుతుంది. బోరుని బట్టి మోటారు ఎంచే మనం, ఇంటిని బట్టి ఆంప్ ఎంచలేమా?

పెద్ద ఆంప్‌ని తక్కువలో పెట్టి వాయించుకోవచ్చు గదా అని అడుగుతారు. సబబైన ప్రశ్నే. కాని చేసి చూడండి. చాలావాటిలో వాల్యూం మర సున్నా దగ్గర నిశ్శబ్దం, రవ్వంత తిప్పితే ఇల్లదిరిపోతుంది. మనకి కావలసిన చోటు ఆ రవ్వలోనే ఎక్కడో దాక్కుని ఉంటుంది. పైగా ఆంప్ తనలో తాను చేసే 'స్' అనే రొద వాల్యూం తగ్గించినా తగ్గకపోవచ్చు. సభలో ఎవరికీ వినబడని ఆ రొద, రాత్రి పూట పదడుగుల గదిలో పాముంది కాబోలనిపిస్తుంది.

అన్నిటికంటే అసలైన కారణం మన చెవిలోనే ఉంది. 1933లో బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు మనిషి చెవి అన్ని స్వరాలనీ ఒకే తీరుగా వినదని కొలిచి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ చెవి మంద్రస్వరాలనే ముందు వదిలేస్తుంది. 1000 హెర్ట్‌జ్ స్వరం రెండు మూడు డెసిబెల్సు ఉంటే చాలు వినబడుతుంది. అదే 40 హెర్ట్‌జ్ స్వరం వినబడటానికే 50 డెసిబెల్సు కావాలి! బేస్ గిటారులో అన్నిటికంటే లావైన 'ఇ' తీగ పలికేది సుమారు 41 హెర్ట్‌జ్. ఆ పైన 'ఎ' తీగ 55, 'డి' 73, 'జి' 98. కాబట్టి వాల్యూం తగ్గించగానే గిటారు పలచబడి, ఎవరో దాని ప్రాణం తీసినట్టు ఉంటుంది. లోపం ఆంప్‌ది కాదు, చెవి స్వభావం. ఇది తెలియకపోతే ఏం చేస్తాం? బేస్ మరని ఆ చివరికి తిప్పుతాం. చిన్న స్పీకరు ఆ బరువు మొయ్యలేక దడదడలాడుతుంది. "చిన్నవన్నీ ఇంతే" అని పెద్దది కొంటాం.

మరి చిన్న పెట్టెలో 41 హెర్ట్‌జ్ ఎట్లా వస్తుంది? నిజం చెప్పాలంటే పూర్తిగా రాదు. రాకపోయినా పెద్ద నష్టం లేదు! తీగ 41 దగ్గర కంపించేటప్పుడు 82, 123, 164 దగ్గర అనుస్వరాలు కూడా పలుకుతాయి. ఆ అనుస్వరాలు శుభ్రంగా చెవిన పడితే, అడుగున లేని ప్రాథమిక స్వరాన్ని మన మెదడు తనే పూరించుకుంటుంది. నమ్మకం కుదరకపోతే పాత ల్యాండ్‌లైను ఫోన్లు గుర్తు చేసుకోండి. వాటిలో 300 హెర్ట్‌జ్‌కి కింద ఉన్నదేదీ దాదాపుగా పోయేది కాదు. మగవాళ్ళ గొంతు నూరు, నూటిరవై దగ్గర ఉంటుంది. అయినా ఫోన్లో నాన్న గొంతు నాన్న గొంతులాగానే వినబడేది గదా! కనుక చిన్న ఆంప్‌లో చూడవలసింది గుండెలదిరే అడుగు కాదు. 80 నుంచి 300 దాకా బొంగురు లేకుండా, ఏ స్వరమూ మింగకుండా పలుకుతోందా అన్నది. అటువంటి పెట్టె దగ్గర మెల్లగా వాయిస్తే వేలు జారినా, పక్క తీగ తగిలినా, స్వరాన్ని ఆపవలసిన చోట ఆపకపోయినా ఇట్టే తెలుస్తుంది. హోరులో అవేమీ తెలియవు. సాధనకి ఇంతకంటే గురువెవరు?

కరెంటు గురించి ఒక మాట, ఇది సంగీతం పుస్తకాల్లో కనబడదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. బేస్ గిటారు 'ఇ' తీగ మీద మూడో మెట్టు దగ్గర పలికే స్వరం 49. ఆంప్ లోపల కరెంటుని సరిచేసే భాగంలోంచి వచ్చే గుయ్యిమనే మోత 100. 'జి' తీగ ఉత్తగా మీటితే 98. అంటే మన లైన్ల మోత సరిగ్గా మన స్వరాల మధ్యలోకే వచ్చి కూర్చుంటుంది. వాయిద్యాన్ని మెల్లగా వాయించేటప్పుడు ఈ మోతే పెద్దదై కనబడుతుంది. దీనికి మందు ఎర్తింగు. బోరు మోటారుకి ఎర్తు రాడ్డు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలం నీళ్ళు పోసే మనవాళ్ళు ఇంట్లో సాకెట్టుకి మాత్రం మూడో కన్నం అలంకారానికే అనుకుంటారు. ప్లగ్గులో మూడో పుల్ల విరిచి రెండు పుల్లల మీద నడిపేవాళ్ళని చూశాను. ఇనప తీగలు వేళ్ళతో పట్టుకుని కూర్చునేది మనమే, ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. ఆంప్ కొనే ముందు ఓ ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్తు చూపించుకోండి. ఆ ఖర్చు ఆంప్ ఖర్చులో భాగం.

పెట్టే చోటు కూడా చూసుకోవాలి. గది మూలలో నేల మీద పెడితే గోడలూ నేలా కలిసి మంద్రస్వరాల్ని ఉబ్బిస్తాయి. గోడల మధ్య పన్నెండడుగులున్న గదిలో 47 హెర్ట్‌జ్ దగ్గర అనునాదం వస్తుంది, అంటే 'ఇ' తీగ రెండో మెట్టు దగ్గర. ఆ ఒక్క స్వరం బుయ్యిమని లేస్తుంది, పక్కవి మామూలుగా ఉంటాయి. మా వంటింటి అలమరలో ఇత్తడి గిన్నెలు ఏ స్వరానికి చప్పుడు చేస్తాయో నాకు కంఠతా వచ్చు, అమ్మకి ఇంకా బాగా వచ్చు. పెట్టెని మూలలోంచి మూరెడు ఇవతలికి జరిపి, కింద మడత పెట్టిన బొంత వేసి కుర్చీ మీద పెట్టండి. స్పీకరు మోకాలికి కాక చెవికి ఎదురుగా ఉండాలి, దగ్గరగానూ ఉండాలి. దూరం సగమైతే మనకి 6 డెసిబెల్సు కలిసొస్తుంది, గోడ అవతల పెదనాన్నకి మాత్రం ఏమీ పెరగదు.

హెడ్‌ఫోన్లుండగా ఇదంతా ఎందుకంటారా? హెడ్‌ఫోను కన్నం లేని ఆంప్‌ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దనే నేనూ అంటాను. పది దాటాక అదే గతి. వాక్స్ కంపెనీ ఆంప్లగ్ బేస్ అని అగ్గిపెట్టెకి అన్నలాంటిది ఒకటుంది. గిటారుకే గుచ్చి, రెండు సన్న బ్యాటరీలేసి, హెడ్‌ఫోను పెట్టుకుంటే సరి. మిర్చి కల్లంలో రాత్రి కాపలాకి పోయినప్పుడు నాకదే తోడు. కాని హెడ్‌ఫోను వైరుదే అయ్యుండాలి. బ్లూటూత్ హెడ్‌ఫోనులో స్వరం ఆలస్యంగా చేరుతుంది, తాళం తప్పుతుంది. పాటని బ్లూటూత్ మీద ఆంప్‌కి పంపి దానితోపాటు వాయించుకోవడానికి మాత్రం ఇబ్బంది లేదు. ఇక గంటల తరబడి చెవుల్లో బేస్ హోరు పెట్టుకుంటే చెవులు పోతాయి. వారానికి 40 గంటలకి 80 డెసిబెల్సు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదీగాక నలుగురితో కలిసి వాయించేవాడికి గాలిలో నడిచే స్వరం ఎట్లా ఉంటుందో తెలియాలి. చెవుల్లోనే వాయించుకున్నవాడు వేదిక ఎక్కి బెదురుతాడు. నా లెక్కలో హెడ్‌ఫోను రాత్రి కాపలాదారే గాని ఇంటి యజమాని కాదు.

చిన్నదంటే నామోషీ అనుకునే మిత్రులు ఆంపెగ్ వాళ్ళ బి-15 చరిత్ర తెలుసుకోవాలి. 1960లో వచ్చిన ఆ ఆంప్‌కి ఉన్నది ఒకే ఒక పదిహేనంగుళాల స్పీకరు, పాతిక ముప్ఫై వాట్లు. ఎన్నో స్టూడియోలు దాన్నే పెట్టుకున్నాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ 1960లలో ప్రపంచమంతా పాడుకున్న పాటల్ని ఒక మామూలు ఇంట్లో పెట్టిన స్టూడియోలో రికార్డు చేసింది. అక్కడి బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ ఒకే వేలితో మీటేవాడు, గిటారుని నేరుగా మిక్సింగు బల్లకి కలిపేవారు. ఇక మన వీణ సంగతి సరే సరి. బొబ్బిలిలో ఒకే పనస మొద్దుని తొలిచి చేసే వీణ ఎంత మెల్లని వాయిద్యమో దగ్గర కూర్చుని విన్నవాళ్ళకి తెలుసు. తరతరాలుగా ఇళ్ళలో, పిల్లలు నిద్రపోతుండగా, సాధన చేశారు. దాన్నెవరూ తక్కువ సంగీతం అనలేదే!

కొనేవాళ్ళకి పేర్లు కూడా చెప్పాలి గనుక చెబుతాను. ఫెండర్ రంబుల్ 25, ఆరెంజ్ క్రష్ బేస్ 25, ఆంపెగ్ రాకెట్ బేస్ ఆర్.బి.-108. మూడూ ఎనిమిదంగుళాల స్పీకరువే, మూడింటికీ హెడ్‌ఫోను ఉంది. ఇంటికి ఇవి చాలు. తబలా, హార్మోనియంలతో కలిసి రిహార్సలు కూడా చెయ్యాలంటే పదంగుళాల స్పీకరున్న రంబుల్ 40 మేలు. ఫిల్ జోన్స్ వాళ్ళ డబుల్ ఫోర్ అని ఇంకోటుంది. నాలుగంగుళాల స్పీకర్లు రెండే, అయినా మెల్లగా వాయించడంలో దాని శుభ్రత దానిదే. ధర మాత్రం మన అందుబాటులో లేదు. వీటిలో ఫలానాదే అని నేను పట్టుబట్టను. కాని వినకుండా కొనవద్దంటాను. మీ గిటారు మీరే పట్టుకెళ్ళండి. పక్కన ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటుంటే వాళ్ళ మాటలు వినబడేంత మెల్లగా పెట్టించండి. నాలుగు తీగల మీదా ఒక్కొక్క మెట్టూ వాయించి, ఏదైనా స్వరం మింగుతోందా, ఏదైనా ఉబ్బుతోందా చూడండి. తర్వాత తీగల మీద అరచెయ్యి ఆనించి ఊరుకుని, రొద వినండి. వాల్యూం మర సున్నా నుంచి ఎట్లా లేస్తుందో చూడండి. ఒక పట్టణంలో ఒక దుకాణాదారు నన్ను ఇట్లా వాయించనివ్వలేదు. "తక్కువలో ఏం తెలుస్తుంది తమ్ముడూ, పెంచి విను" అని తనే పెంచాడు. ఆ రోజు బస్సెక్కి తిరిగొచ్చేశాను.

చివరిగా మన యూనియన్ పెద్దలకి ఒక మనవి. సంగీత విభాగానికి ఒక పెద్ద స్టేజీ ఆంప్ కొనాలనే ఆలోచన నడుస్తోందని విన్నాను. ఏడాదికి ఒక్క రాత్రి వార్షికోత్సవం. ఆ రాత్రికి సౌండువాళ్ళు ఎటూ వస్తారు, బేస్ గిటారుని వాళ్ళ బల్లకే కలపవచ్చు. మిగతా రోజుల్లో ఆ పెద్ద పెట్టె గదిలో తాళం వేసి ఉంటుంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవడంతోనే మన రిహార్సలు అయిపోతుంది. దాని బదులు అదే డబ్బుతో చిన్నవి రెండు కొనండి, రెండు మంచి వైరు హెడ్‌ఫోన్లతో సహా. పది కిలోల లోపు ఉండే పెట్టె ఒక మనిషి బస్సులో ఒళ్ళో పెట్టుకు పోగలిగినది. లైబ్రరీ పుస్తకం లాగా రిజిస్టరులో సంతకం పెట్టించుకుని పదిహేను రోజులకి ఇంటికివ్వండి. గిటారు కొనడానికే ఇంట్లో మిర్చి డబ్బులు అడిగి, ఆంప్ మాట ఎత్తలేక ఊరుకున్నవాళ్ళు మన కాలేజీలో కనీసం అరడజనుమంది ఉన్నారు. వాళ్ళలో అమ్మాయిలిద్దరు, వాళ్ళకి రాత్రి పూట రిహార్సలు గదికి రావడమే కుదరదు. ఇంటికి తీసుకెళ్ళగలిగిన పెట్టె ఉంటేనే వాళ్ళ సాధన సాగేది. రిజిస్టరులో ఒక గడి మాత్రం తప్పక పెట్టండి: ఇంట్లో మూడు పుల్లల సాకెట్టు ఉందా, దానికి ఎర్తు ఉందా అని.